మట్టం ఎవరు పట్టుకోవాలి?

(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం, అమలాపురం)



 డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు పొంది వచ్చారు. నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన పాత్ర ఎంతటిదో మీకు తెలుసు. పులిచింతల జలాశయానికి ఇవాళ ఆయన పేరే ఉంది. విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1963 నుంచి దాదాపు పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు చూశారు.

ఆ రోజుల్లో ఆ రెండూ ఒకే శాఖ. 1974లో గాని విడిపోలేదు. నీటి లెక్కలు చూసిన మనిషే కరెంటు లెక్కలూ చూశాడు. 1964లో దేశాన్ని అయిదు విద్యుత్ ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ మండళ్లు పెట్టినప్పుడు ఆయన ఆ మంత్రిత్వ శాఖలోనే ఉన్నారు. పల్లెలకు కరెంటు చేర్చడానికి 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టినదీ ఆ కాలంలోనే. రాష్ట్రాల మధ్య నదుల్ని కలపాలని ఆయన కలగన్నారు. ఆ కలతో ఏకీభవించినవారూ ఉన్నారు, ఏకీభవించనివారూ ఉన్నారు. నేను ఈ సాయంత్రం ఆ వాదంలోకి వెళ్లను. కలపడం అనే పనిలో ఉన్న ఒక ప్రశ్ననే పట్టుకుంటాను. విడివిడిగా ఉన్న లంకల్ని డీసీ కరెంటు తీగలతో కలిపితే, ఏ తీగలో ఎంత కరెంటు పారాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎలా నిర్ణయిస్తారు? గోదావరి పాయల మధ్య కాపురముంటున్న మీకంటే ఈ ప్రశ్న ఎవరికి బాగా అర్థమవుతుంది?

1

మొదట కాలువ సంగతి చెప్పుకుందాం. ఈ ఉపన్యాసమంతటికీ నాకు ఇదొక్కటే పోలిక.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. మధ్య డెల్టాకు నీళ్లు బొబ్బర్లంక దగ్గర తల రెగ్యులేటరు నుంచి దిగుతాయి. లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలుతుంది. అమలాపురం కాలువ ఒకవైపు, గన్నవరం కాలువ మరోవైపు. గన్నవరం వైపు వెళ్లిన నీటికి వైనతేయ పాయ అడ్డం వస్తుంది. పాయకు అవతల నగరం లంక, మామిడికుదురు, రాజోలు. ఆ లంకకు నీళ్లెలా వెళ్లాలి? కాటన్ దొర మనుషులు 1850ల్లోనే నది మీదుగా కాలువను నడిపించారు. అదే గన్నవరం అక్విడెక్టు. పక్కనే తరువాత కట్టినదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు, అవతలి లంకకు నీళ్లిచ్చే కట్టడానికి పెట్టడం ఎంతో బాగుంది.

లాకు దగ్గర పనిచేసే లస్కరును అడగండి, ఒక మాట చెబుతాడు. నీటిని ఫలానా కాలువలోకి ఇంత వెళ్లమని ఎవరూ ఆజ్ఞాపించలేరు. లాకు ఎగువన మట్టం ఎంత ఉండాలో నిలబెట్టగలరు. షట్టరు ఎంత ఎత్తాలో చూసుకోగలరు. ఎగువ మట్టానికీ దిగువ మట్టానికీ తేడాను బట్టి, కాలువ గర్భం ఎంత పూడిందో, ఎంత గుర్రపుడెక్క పట్టిందో దాన్ని బట్టి నీరు తన దారి తనే చూసుకుంటుంది. మన చేతిలో ఉన్నది మట్టం. ప్రవాహం దాని ఫలితం.

డీసీ తీగల వ్యవస్థ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. కాలువలో మట్టం ఏ పని చేస్తుందో, తీగలో వోల్టేజి ఆ పని చేస్తుంది. కాలువ గర్భంలోని రాపిడి స్థానంలో తీగ నిరోధం ఉంటుంది. రెండు చివర్ల వోల్టేజీల తేడాను నిరోధంతో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది. ఓమ్ సూత్రం. పదో తరగతి పిల్లలకు తెలిసిన లెక్క.

2

అయితే మన ఇళ్లకు వచ్చేది ఏసీ కదా, లంకల మధ్య డీసీ ఎందుకు అని విద్యార్థులు అడగాలి. అడగండి.

ఏసీలో కరెంటు దిశ మారుతూ సెకనుకు యాభై ఆవృత్తులు పూర్తిచేస్తుంది. నీటి అడుగున వేసే కేబుల్లో వాహకానికీ దాని చుట్టూ ఉన్న తొడుగుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఆ కేబులు కెపాసిటర్‌లాగా ప్రతి ఆవృత్తిలోనూ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. కేబులు పొడవు పెరిగేకొద్దీ, దాని మోతలో పెద్ద భాగం ఇలా నిండడానికీ ఖాళీ కావడానికే సరిపోతుంది. కొంత దూరం దాటితే అవతలి ఒడ్డుకు చేరే పనికొచ్చే కరెంటు పెద్దగా మిగలదు. దిశ మారని డీసీలో కేబులు ఒకసారి నిండితే చాలు.

అందుకే 1954లో స్వీడన్ తన గాట్లాండ్ ద్వీపానికి సముద్రం అడుగున దాదాపు 100 కిలోమీటర్ల డీసీ కేబులు వేసింది. 100 కిలోవోల్టులు, 20 మెగావాట్లు. వాణిజ్యపరంగా నడిచిన మొదటి అధిక వోల్టేజి డీసీ లైను అదేనని లెక్క. 1965లో న్యూజీలాండ్ తన దక్షిణ ద్వీపంలోని జలవిద్యుత్తును కుక్ జలసంధి కింద నుంచి ఉత్తర ద్వీపానికి 600 మెగావాట్ల మోతతో పంపింది. ఈ విద్య మొదట నేర్చుకున్నవి ద్వీపాలే.

ఇంకో కారణం కూడా ఉంది. ఏసీ తీగతో కలిపితే రెండు వైపులా ఒకే ఫ్రీక్వెన్సీ నడవాలి. ఒకవైపు కుదుపు రెండోవైపుకూ వెంటనే చేరుతుంది. డీసీతో కలిపితే ఎవరి ఫ్రీక్వెన్సీ వారిది. మధ్యన కరెంటు ఎంత పంపాలో మన చేతిలో ఉంటుంది. ఈ మాట ఎంత విలువైనదో మన దక్షిణాదికి అనుభవంలోకి వచ్చింది.

3

మూడు సముద్రాల నడుమ ఉన్న దక్షిణ భారతం కరెంటు విషయంలో 2013 చివరి దాకా ఒక లంకే. ఉత్తర, పశ్చిమ, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు ఒకదానితో ఒకటి ఏసీ తీగలతో కలిశాయి. దక్షిణం మాత్రం వాటితో డీసీ ద్వారానే చేయి కలిపింది. చంద్రపూర్ దగ్గర ఒక లంకె, విశాఖపట్నం గాజువాకలో ఒక లంకె, ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారు దాకా దాదాపు 1370 కిలోమీటర్ల పెద్ద లైను.

గాజువాక మన ఇంటిదే కాబట్టి కొంచెం చెబుతాను. ఒడిశాలోని జయపురం నుంచి 400 కిలోవోల్టుల ఏసీ లైను అక్కడికి వస్తుంది. స్టేషన్లో దాన్ని డీసీగా మారుస్తారు. అదే ఆవరణలో, తీగ పొడవంటూ లేకుండా, మళ్లీ ఏసీగా మార్చి విజయవాడ వైపు పంపుతారు. 1999లో 500 మెగావాట్లతో మొదలైంది, 2005లో మరో 500 కలిసింది. ఇంత ఖర్చుపెట్టి మార్చి మళ్లీ మార్చడం ఎందుకంటారా? తూర్పు ప్రాంతంలో కరెంటు మిగులు, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ పైన ఉండేది. దక్షిణంలో కరువు, ఫ్రీక్వెన్సీ కిందికి జారేది. నేరుగా కలిపితే రెండూ ఒకదాన్నొకటి లాక్కుని తెగిపోయేవి. మధ్యన డీసీ ఉండబట్టి, అటు ఎంత మిగిలిందో ఇటు ఎంత కావాలో చూసి, ఈ మార్పు చేసే థైరిస్టర్లనే స్విచ్చులు వెలిగించే కోణాన్ని సవరించి అంతే పంపారు.

2012 జూలై 31 మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలాయి. అంతకు ముందు రోజు తెల్లవారకముందే ఉత్తర గ్రిడ్ ఒకసారి కూలి లేచింది. అరవై కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకటైంది. ఆ రెండో రోజున తాల్చేరు నుంచి కోలారుకు వస్తున్న సుమారు 2000 మెగావాట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. దక్షిణంలో ఫ్రీక్వెన్సీ 49 కిందికి పడింది. ముందే అమర్చి ఉంచిన రిలేలు తమంతట తామే కొంత లోడు తీసేశాయి. దక్షిణ గ్రిడ్ నిలబడింది. ఏసీ తీగతో కలిసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆ తరువాత 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణం మిగతా దేశంతో ఏసీలోనే కలిసింది. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. మంచిదే. కానీ లంకగా ఉన్న కాలం మనకు నేర్పింది మరిచిపోకూడదు. కలిసి ఉండాలి, కష్టం వచ్చినప్పుడు విడిగానూ నిలబడగలగాలి.

4

ఇంతవరకు చెప్పినవన్నీ రెండు చివర్ల లైన్లు. ఒకరు పంపుతారు, ఒకరు పుచ్చుకుంటారు. అక్కడ ప్రవాహ నిర్వహణ సులువు. ఒక స్టేషను వోల్టేజిని పట్టుకుంటుంది, రెండోది కరెంటును పట్టుకుంటుంది. మూడో లంక చేరగానే కథ మారుతుంది.

1960ల్లో ఇటలీ తన ప్రధాన భూభాగం నుంచి కోర్సికా మీదుగా సార్డీనియాకు 200 మెగావాట్ల డీసీ లైను వేసింది. దారిలో ఉన్న కోర్సికా తనకూ ఒక వాటా కావాలంది. 1980ల చివర దానికి 50 మెగావాట్ల స్టేషను కట్టారు. అది పాతకాలపు థైరిస్టరు రకం. ఆ రకంలో కరెంటు దిశ మారదు, పంపే దిశ మార్చాలంటే వోల్టేజి ధ్రువాలే తిరగబడాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఇద్దరూ తిరగేసుకుంటే సరిపోతుంది. ముగ్గురున్నప్పుడు ఒక్కరి కోసం మిగతా ఇద్దరూ తిరగబడరు కదా. కోర్సికాలో దిశ మార్చడానికి స్విచ్చులు విడదీసి మళ్లీ కలపాల్సివచ్చింది.

ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే యంత్రాలను కన్వర్టర్లంటారు; ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్లతో నడిచే కొత్త కన్వర్టర్లు ఈ ముడి విప్పాయి. వోల్టేజి ధ్రువాలు అలాగే ఉంటాయి, కరెంటు మాత్రం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఒక్క జనరేటరు కూడా తిరగని చీకటి ద్వీపాన్ని సైతం ఇవి వెలిగించగలవు. 2013 చివర్లో చైనా నాన్ఆవ్ ద్వీపంలో మూడు స్టేషన్లతో, 2014లో జోషాన్ ద్వీపాలలో అయిదు స్టేషన్లతో 200 కిలోవోల్టుల వ్యవస్థ నడిపించింది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు 2024లో మూడో చివరగా ఒక డీసీ వ్యవస్థలో చేరాయి. మన దేశంలో ఈశాన్యం నుంచి ఆగ్రాకు 800 కిలోవోల్టుల బహుళ చివరల లైను ఉంది, అది థైరిస్టరు రకమే. కొత్త రకం మనకు 2021లో తమిళనాడు పుగలూరు నుంచి కేరళ త్రిశ్శూరుకు వచ్చింది. మన లక్షద్వీప్‌లో ఇళ్లు నేటికీ ప్రధానంగా డీజిలు మీదే వెలుగుతున్నాయి. ఈ విద్య అవసరం అక్కడ మొదలవుతుంది.

5

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. అయిదు లంకలున్నాయి, అయిదు కన్వర్టర్లున్నాయి. మట్టం ఎవరు పట్టుకోవాలి?

మొదటి పద్ధతి, ఒకరికి అప్పగించడం. పెద్ద లంకలోని పెద్ద స్టేషను వోల్టేజిని 200 కిలోవోల్టుల దగ్గర నిలబెడుతుంది. మిగతా నాలుగూ తమ కోటా ప్రకారం తీసుకుంటాయి లేదా ఇస్తాయి. మిగిలినా తగ్గినా ఆ లెక్క పెద్ద స్టేషను సర్దుకుంటుంది. కాగితం మీద ఇది చాలా శుభ్రమైన ఏర్పాటు. కానీ ఆ పెద్ద స్టేషనే ఆగిపోతే?

ఇక్కడ కాలువ పోలికకు ఒక హద్దు ఉంది, దాచకుండా చెప్పాలి. కాలువలో నీరు నిలవ ఉంటుంది. లాకు దగ్గర ఏదైనా తప్పు జరిగితే లస్కరు సైకిలెక్కి వచ్చేదాకా కాలువ ఆగుతుంది. ఏసీ గ్రిడ్లో కూడా వేల టన్నుల టర్బైన్లు తిరుగుతూ ఉంటాయి, వాటి వడి వల్ల సర్దుకోవడానికి కొన్ని సెకన్లు దొరుకుతాయి. డీసీ వ్యవస్థలో నిలవ ఉన్నదంతా కన్వర్టర్లలోని కెపాసిటర్లలోనే. అది పూర్తి మోతను కొన్ని పదుల మిల్లీసెకన్లకు మించి మొయ్యలేదు. మట్టం పట్టుకున్నవాడు చెయ్యి వదిలితే, ఫోను చేసి ఇంకొకరికి చెప్పే వ్యవధి ఉండదు. ఆ పని అప్పటికే అందరి చేతుల్లోనూ ఉండాలి.

అదే రెండో పద్ధతి. ఇంజనీర్లు దాన్ని డ్రూప్ అంటారు. ప్రతి స్టేషనూ తన గుమ్మం దగ్గర వోల్టేజి చూసుకుంటుంది. మట్టం తగ్గితే తాను తీసుకునేది కొంత తగ్గిస్తుంది, లేదా ఇచ్చేది కొంత పెంచుతుంది. మట్టం పెరిగితే అటుది ఇటు. ఎంత తగ్గితే ఎంత సర్దాలో ముందే నిర్ణయించిన నిష్పత్తి ఉంటుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు. ఒక స్టేషను పడిపోతే మిగతా నాలుగూ ఆ లోటును పంచుకుంటాయి. ఆ తరువాత, నిదానంగా, కొన్ని నిమిషాల్లో, కంట్రోల్ రూము నుంచి కొత్త కోటాలు వస్తాయి. నేను ఈ రెండో పద్ధతి వైపే ఉన్నాను. లంకల వ్యవస్థలో మట్టం బాధ్యత ఒక్కరి దగ్గర ఉంచకూడదు.

కానీ ఇందులో ఒక అన్యాయం దాగి ఉంది. శివారు రైతులు ఈ సభలో ఉన్నారు కాబట్టి దీని మీద కొంచెంసేపు ఆగుతాను.

ఏసీ గ్రిడ్లో ఫ్రీక్వెన్సీ ఒకసారి నిలకడపడితే గాజువాకలో ఎంతో త్రివేండ్రంలోనూ అంతే. అందరి ముందూ ఒకే అంకె. డీసీలో వోల్టేజి అలా ఉండదు. తల దగ్గర ఎక్కువ, శివార్లో తక్కువ. ఒక లెక్క చూద్దాం. తల స్టేషను దగ్గర 200 కిలోవోల్టులు. అక్కడి నుంచి 1000 ఆంపియర్లు 3 ఓమ్‌ల నిరోధం ఉన్న కేబులు గుండా శివారు లంకకు వెళుతున్నాయి. వెయ్యిని మూడుతో గుణిస్తే 3000 వోల్టులు. శివారు స్టేషను ముందు కనిపించేది 197. ఇప్పుడు అందరికీ ఒకే నియమం పెట్టామనుకోండి: వోల్టేజి 198 కిందికి వస్తే మీ వాడకం తగ్గించుకోండి అని. వ్యవస్థలో ఎక్కడా కొరత లేదు. అయినా శివారు లంక రోజూ కోత పెట్టుకుంటూనే ఉంటుంది. తల దగ్గరి లంకకు ఎన్నడూ కోత పడదు. నియమం అందరికీ ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. కాలువ చివర భూమి ఉన్న రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. వంతు వచ్చిన రోజున కూడా తన తూము దగ్గర నీరు మోకాలి లోతుకు రాదు.

దీనికి పరిష్కారాలున్నాయి. ప్రతి స్టేషనుకూ దాని చోటును బట్టి వేరే అంకె ఇవ్వడం ఒకటి. 197 సాధారణంగా ఉండే చోట, 197ను కొరతగా లెక్కపెట్టకూడదు. వ్యవస్థలో ఒక చోటును అందరికీ గుర్తుగా ఎంచుకుని, అక్కడి వోల్టేజిని అందరికీ చేరవేసి, దాన్ని బట్టి అందరూ సర్దుకోవడం మరొకటి. ఆ సమాచారం తెగిపోతే ఎవరి గుమ్మం దగ్గరి వోల్టేజి వారే చూసుకుంటారు. రెండూ చెయ్యదగినవే. రెండింటికీ కావలసింది, పద్ధతి తయారుచేసే గదిలో శివారు లంక మనిషి కూడా ఉండడం. కన్వర్టరులో పోసే నిష్పత్తులు ఎవరు రాస్తారో వారే ఎవరికి ఎప్పుడు కోత పడాలో నిర్ణయిస్తున్నారు. ఇది ఇంజనీర్లకు మాత్రమే వదిలేసే విషయం కాదని ఇంజనీరుగా చెబుతున్నాను.

6

తీగలు చెట్టు కొమ్మల్లా ఉన్నంతకాలం కన్వర్టర్లతో ప్రవాహాన్ని సర్దుకోవచ్చు. భద్రత కోసం ఒక లంకకు రెండు దారులు పెట్టగానే వలయం ఏర్పడుతుంది. అప్పుడు మరో చిక్కు.

క, గ, చ అని మూడు లంకలు. మూడూ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. క నుంచి గ కు 300 ఆంపియర్లు పంపాలి. నేరు కేబులు నిరోధం 4 ఓమ్‌లు. చ మీదుగా వెళితే 1, 1 కలిపి 2 ఓమ్‌లు. కరెంటు ఎవరి మాటా వినదు, నిరోధం లెక్కన చీలుతుంది. నేరుదారిలో 100, చుట్టుదారిలో 200. చుట్టుదారి కేబులు 150 మాత్రమే మొయ్యగలదనుకోండి. నేరుదారిలో ఇంకా ఖాళీ ఉంది, అయినా చుట్టుదారి మాడిపోతోంది. కన్వర్టర్లతో ఏం చేసినా ఈ నిష్పత్తి మారదు. ఎందుకంటే అవి లంకల దగ్గర మట్టాన్ని మార్చగలవే గాని, రెండు దారుల మధ్య పంపకాన్ని మార్చలేవు.

రెండు దారుల్లోనూ 150 చొప్పున పారాలంటే ఏం కావాలి? నేరుదారిలో పతనం 150 ఇంటూ 4, అంటే 600 వోల్టులు. చుట్టుదారిలో 150 ఇంటూ 2, అంటే 300. తేడా 300 వోల్టులు. చుట్టుదారి కేబులుకు ఎదురుగా 300 వోల్టులు వరసలో పెట్టగలిగితే సరిపోతుంది. ఈ పని చేసే చిన్న పరికరాన్నే ప్రవాహ నియంత్రకం అంటున్నారు. దాని సామర్థ్యం ఎంత ఉండాలి? 300 వోల్టులు ఇంటూ 150 ఆంపియర్లు, 45 కిలోవాట్లు. అది సర్దే మొత్తం కరెంటు? 200 కిలోవోల్టుల దగ్గర 300 ఆంపియర్లు, 60 మెగావాట్లు. 60,000 కిలోవాట్ల దారిని 45 కిలోవాట్ల పరికరం మళ్లిస్తోంది. విద్యార్థులు ఈ లెక్క ఇంటికెళ్లి మళ్లీ వేసి చూడాలి. నిరోధాలు అంత చిన్నవి కాబట్టే ఇది సాధ్యం. అదే కారణంగా మట్టంలో చిన్న పొరపాటు జరిగితే పెద్ద ప్రవాహం తారుమారవుతుంది. ఈ పరికరాలు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లో, నమూనాల్లో ఉన్నాయి. చేతికి అందుబాటులో ఉన్న పరిశోధన ఇది.

7

మిగిలింది తెగిపోవడం గురించి.

ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది. బ్రేకరు ఆ క్షణాన్ని పట్టుకుని తీగను విడదీస్తుంది. డీసీలో సున్నా రాదు. లోపం జరిగిన క్షణం నుంచి కరెంటు పెరుగుతూనే పోతుంది. సరైన బ్రేకర్లు లేకపోతే ఒక్క కేబులులో లోపానికి అన్ని స్టేషన్లనూ ఆపాల్సిందే. 2012లో ఏబీబీ సంస్థ అయిదు మిల్లీసెకన్లలో తెంచే బ్రేకరును ప్రకటించింది. 2020లో నడకలోకి వచ్చిన చైనా జాంగ్‌బెయ్ వలయంలో 500 కిలోవోల్టుల స్థాయిలో అలాంటి బ్రేకర్లు పెట్టారు. ఇక వలయాలు ధైర్యంగా కట్టవచ్చు.

ఇదంతా మీరుంటున్న ఈ కోనసీమకు ఏమిటి? సూటిగా చెబుతాను. కోనసీమకు అధిక వోల్టేజి డీసీ అక్కర లేదు. వంతెనల మీదుగా, పాయల మీదుగా ఏసీ లైన్లు వస్తున్నాయి, అవి చాలు. కానీ 1996 నవంబరు 6 తుపాను ఇక్కడ చాలామందికి గుర్తుంది. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా నేలకూలాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు. అలాంటప్పుడు నీళ్లలో నిలిచిన స్తంభాలకు కరెంటు ఆపక తప్పదు. సరిగ్గా అప్పుడే లంక గ్రామంలో మంచినీటి మోటారు తిరగాలి, ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ నడవాలి, ఫోన్లు చార్జి కావాలి.

బడి కప్పు మీద సోలారు పలకలు పెడితే వచ్చేది డీసీ. బ్యాటరీ దాచుకునేది డీసీ. ఎల్ఈడీ దీపం, ఫోను, కొత్త రకం ఫ్యాను లోపల వాడుకునేదీ డీసీయే. ఇంటి దాకా వచ్చేసరికి దీన్ని ఏసీగా మార్చి మళ్లీ డీసీ చేస్తున్నాం. మద్రాసు ఐఐటీవారు 48 వోల్టుల డీసీతో నేరుగా ఇళ్లు వెలిగించి రాజస్థాన్ ఎడారి పల్లెల్లో అమర్చారు. ఇంట్లోపల 48 వోల్టులు సరే, ఒక లంక నుంచి ఇంకో లంకకు అది చాలదు. 5 కిలోవాట్లు పంపాలంటే 48 వోల్టుల దగ్గర 104 ఆంపియర్లు, 380 దగ్గర 13 ఆంపియర్లు. అదే తీగలో నష్టం అరవై రెట్లకు పైగా తేడా. కాబట్టి ఇళ్లలో 48, లంకల మధ్య 380. ప్రతి లంకకూ తన బ్యాటరీ, మట్టం బాధ్యతలో తన వాటా, శివారు లంకకు దాని చోటును బట్టి సవరించిన అంకె, వరద వస్తే విడిపోయి తనంత తాను నిలబడే స్విచ్చు. పెద్ద ద్వీపాలకు చెప్పిన నియమాలే ఇవి, చిన్న కొలతలో.

అందుకే ఇక్కడున్న విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. మీ కళాశాల ప్రయోగశాలలో మూడు బ్యాటరీలు, మూడు చిన్న కన్వర్టర్లు, మూడు తీగలు పెట్టి త్రికోణం కట్టండి. ఒకదానికే మట్టం అప్పగించి, దాన్ని ఆపి చూడండి. తరువాత ముగ్గురికీ పంచి మళ్లీ ఆపి చూడండి. శివారు తీగలో నిరోధం పెంచి, కోత ఎవరికి పడుతుందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని విద్యుత్ శాఖ కార్యాలయానికీ పంచాయతీకీ వెళ్లండి. వైనతేయకు అటూ ఇటూ ఉన్న రెండు మూడు లంక గ్రామాలను ఎంచుకుని దీన్ని నిజంగా కట్టమని అధికారులను నేను కూడా కోరుతున్నాను. ఖర్చు ఒక చిన్న సబ్‌స్టేషన్ ఖర్చును మించదు. వచ్చే ఏడాది గోదావరికి ఎర్రనీరు రాకముందే మొదలుపెట్టండి.